అకాల విరామ నేరం

ఎర్రదున్న పెళ్ళి పందిట్లోకి దూసుకొచ్చేసరికి రెండో బంతికి పెరుగు వడ్డిస్తున్నారు.

అనుభవజ్ఞులు ముందు విస్తరి పట్టుకుని తరవాత లేచారు. కొత్తవాళ్ళు ముందు లేచి విస్తరి పోగొట్టుకున్నారు. కారు బల్లల్ని అటూ ఇటూ నెట్టుకుంటూ వెళ్ళి మజ్జిగ గుండిగకు జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని ఇంకా దణ్ణం పెడుతూనే ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జంటను సరాసరి విస్తరి దగ్గరే దింపడం గొప్ప మర్యాదని మగపెళ్ళివారు మెచ్చుకున్నారు కూడా.

ఆ కారు తనంతట తానే ఆగిందన్న సంగతి, స్టీరింగు పట్టుకున్న గొర్లె ఫల్గుణరావుకి ఒక్కడికే తెలుసు.

ఎర్రదున్న అమెరికాలో పుట్టిన కారు. రెండే తలుపులు, పొడుగాటి మూతి, ఎనిమిది సిలిండర్ల ఇంజను. యాభై ఏళ్ళ కిందట హార్బరు కట్టడానికి వచ్చిన ఒక దొర ఓడలో తెచ్చుకుని, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళలేక వదిలేశాడు. చేతులు మారి మారి చివరికి వరదగిరి కొండ మీద ఫల్గుణరావు షెడ్డుకు చేరింది. కొండ మీద గుళ్ళో పెళ్ళి చేసుకున్న జంట ఎర్రదున్నలో ఘాట్ రోడ్డు దిగితేనే ఆ ప్రాంతంలో పెళ్ళి పూర్తయినట్టు లెక్క. ఆ అద్దె మీదే ఫల్గుణరావు ఇల్లు నడుస్తోంది.

చిక్కంతా వెనక బ్రేకుల్లో ఉంది. ముందు చక్రాలకు డిస్కులున్నాయి గానీ వెనకవి డ్రమ్ములు. డ్రమ్మంటే మూతపెట్టిన గిన్నెలాంటిది. లోపల రాపిడికి పుట్టిన వేడి బయటికి పోదు. ఘాట్‌లో నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. అప్పుడు భారమంతా ముందు చక్రాల మీద పడుతుంది. కాసేపటికి అవీ చేతులెత్తేస్తాయి. వెనక సీట్లో పెళ్ళివారు, డిక్కీలో సారె బిందెలు ఉంటే ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

ఆ రాత్రి ఫల్గుణరావు భార్య రవణమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇయాళ పందిరి అడ్డొచ్చింది కాబట్టి సరిపోయింది. లోయకి పందిరుండదు," అంది. "వెనక బ్రేకులు మార్పిత్తారా, నన్ను మా అమ్మగారింటికి పంపిత్తారా?"

ఫల్గుణరావు మర్నాడే మెకానిక్ మదీనా సాహెబును పిలిపించాడు. మదీనా తుక్కు కొట్లన్నీ తిరిగి, పాడైపోయిన ఏదో పెద్ద జీపు నుంచి డిస్కులు, వాటిని పట్టుకునే కాలిపర్లు సంపాదించాడు. బిగింపులు కొత్తగా చేయించి, హ్యాండ్‌బ్రేకు తీగ మార్చి, వారం తిరక్కుండానే వెనక చక్రాలకు డిస్కులు ఎక్కించాడు. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది. ఎంత తొందరగా వేడెక్కినా అంత తొందరగానూ చల్లారుతుంది. ఆ ఆదివారం రవణమ్మ కార్లో కూర్చుని, కొండ దిగినంతసేపూ జంతికలు తిన్నది. తలుపు పిడి పట్టుకోలేదు. అంతకన్నా పెద్ద పరీక్ష మదీనాకు తెలియదు.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ ఫల్గుణరావుకి ఒక దురలవాటు ఉంది. అతను చట్టాన్ని గౌరవిస్తాడు. బండిలో మార్పు చేస్తే సర్కారుకు చెప్పాలని ఎక్కడో విన్నాడు. వెళ్ళి చెప్పాడు.

ఆ ఏడు సర్కారుకు వారసత్వం మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందేడు పచ్చదనం మీద పుట్టి, మొక్కలు ఎండిపోయాక చల్లారింది. ఈసారి పాతవన్నీ కాపాడాలని నిశ్చయించి, కార్ల కోసం 'పురాతన వాహన వారసత్వ ప్రాధికార సంస్థ'ను స్థాపించారు. జనం దాన్ని పాతబళ్ళ ఆఫీసు అంటారు. దాని డైరెక్టరు వేమవరపు పరాంకుశరావు. ఆయనకు డ్రైవింగు రాదు. అందువల్ల కార్ల పట్ల ఆయన ప్రేమలో స్వార్థం లేదు.

పరాంకుశరావు ఫల్గుణరావు చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"వాహనమనగా ఏమి?" అని అడిగాడు.

ఫల్గుణరావు కాస్త ఆలోచించి, చక్రాలుంటాయండి అన్నాడు.

"చక్రములు తోపుడు బండికినీ ఉండును. వాహనమనగా స్వభావము. ఈ వాహనము పుట్టిన నాటినుండి ఆగుటకు కొంత విముఖత చూపుచున్నది. ఆ విముఖతయే దాని వ్యక్తిత్వము. తమరు దానిని ధ్వంసము చేసితిరి."

"ఆగకపోతే చచ్చిపోతామండి."

"అది తమ వ్యక్తిగత విషయము," అన్నాడు పరాంకుశరావు మృదువుగా. "సంస్థ పరిధిలోనికి వాహనము మాత్రమే వచ్చును."

పరీక్ష జరిపించమని ఇన్‌స్పెక్టరు బెహరా త్రినాథ్‌ను ఆదేశించాడు. త్రినాథ్ నెమ్మదస్తుడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది కలలో కూడా చెయ్యడు. కంపెనీ వారి పాత పుస్తకం చూసి, ఎర్రదున్న కొత్తలో ఎంత దూరంలో ఆగేదో లెక్క తీసి, రోడ్డు మీద సున్నంతో గీత గీశాడు. దాని పేరు వారసత్వ విరామ రేఖ. త్రినాథ్ జెండా ఊపాడు. ఫల్గుణరావు బ్రేకు తొక్కాడు. కారు బుద్ధిగా, గీతకు చాలా ఇవతలే ఆగిపోయింది.

ఫల్గుణరావు గర్వంగా దిగాడు. త్రినాథ్ మాత్రం కారుకూ గీతకూ మధ్య ఖాళీగా మిగిలిన రోడ్డును శ్మశానం నుంచి వచ్చినవాడిలా చూశాడు.

"ఇంత తొందరగా ఆగిపోతే ఎలాగండీ ఫల్గుణరావు గారూ," అన్నాడు. "ఇదంతా వారసత్వమే. మొత్తం పోయింది."

మర్నాడు నోటీసు వచ్చింది. నేరం: అకాల విరామమునకు పాల్పడుట. శిక్ష: ఇన్‌స్పెక్టరు సమక్షంలో పాత డ్రమ్ములు తిరిగి బిగించవలెను. డిస్కులను సంస్థ స్వాధీనం చేసుకొనును. నిరాకరించినచో వాహనము శాశ్వతంగా మ్యూజియమునకు తరలించబడును. మ్యూజియంలో బళ్ళు కదలవు కాబట్టి ఆగే సమస్యే లేదు.

ఫల్గుణరావు, రవణమ్మ ఆ కాగితం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రదున్న మ్యూజియానికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. డ్రమ్ములతో కొండ దిగితే పొయ్యి వెలుగుతుంది, కానీ దాని పక్కన కూర్చుని తినడానికి ఫల్గుణరావు ఉండకపోవచ్చు. చాలాసేపు ఆలోచించి ఇద్దరూ పొయ్యి వైపే మొగ్గారు.

డ్రమ్ములు మళ్ళీ ఎక్కాయి. ఎవరూ విప్పకుండా త్రినాథ్ వాటికి లక్కతో సీలు వేశాడు. వేడెక్కితే లక్క కరిగిపోతుంది గదండీ అని మదీనా అడిగితే, కరిగినప్పుడల్లా మళ్ళీ వేస్తామనీ, అందుకు ఒక డబ్బాడు లక్క మంజూరైందనీ చెప్పాడు. డిస్కులను గుడ్డలో చుట్టి, అన్యపదార్థములు అని చీటీ అంటించి, డైరెక్టరు గది బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఫల్గుణరావు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళి, డ్రమ్ములతో కొండ ఎలా దిగాలో సెలవివ్వమని వేడుకున్నాడు. పరాంకుశరావు కఠినుడు కాడు. రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టాడు. ఆ దారిలో ఒక మహావాక్యం ఉంది. దాన్ని తరవాత ఫ్రేము కట్టించి ఆఫీసు వరండాలో వేలాడదీశారు.

వాహనమును మార్చరాదు. మిగిలిన ప్రపంచమును మార్చుటకు అభ్యంతరము లేదు.

ప్రపంచాన్ని మార్చే పని సోమవారం మొదలైంది. ఎర్రదున్న ముందు, అది ఆగడానికి పట్టే దూరమంతా ఎప్పుడూ ఖాళీగా ఉండాలన్నారు. కారు ఎక్కడికి వెళ్తే ఆ ఖాళీ అక్కడికి వెళ్ళాలి. దాన్ని ప్రకటించడానికి డప్పు కొట్టేవాణ్ణి నియమించారు. అతను కారుకు అంత దూరం ముందు పరిగెత్తాలి. మొదటి రోజు పరిగెత్తాడు. రెండో రోజు వెనక్కి తిరిగి చూసి, డప్పు రోడ్డు మీదే వదిలేసి కొండెక్కేశాడు. ఆ పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

రెండో మలుపు దగ్గర టీ కొట్టు, కారు ఆగలేకపోయిన పక్షంలో ఆగవలసిన స్థలంలో ఉందని తేలింది. కొట్టు పెట్టుకున్న ఎరుకమ్మ, కారే నా కొట్లోకి వత్తాది గానీ నా కొట్టు దాని మీదకెళ్ళిందా అని వాదించింది. సంస్థ దృష్టిలో కారు పాతది, కొట్టు కొత్తది. కొట్టు లేచిపోయింది. మేకలకు ఘాట్ రోడ్డు మీద ప్రవేశం నిషేధించి, ఆ ఉత్తర్వు మేకలకు కనిపించేంత ఎత్తులో అంటించారు. అవి దాన్ని తినేశాయి.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ సంస్థలో పరిశోధనా విభాగం ఒకటి ఉంది. వాళ్ళు పాతకాలపు డ్రైవర్లను కలిసి మాట్లాడారు. ఆ రోజుల్లో డ్రైవర్లు పెట్రోలు మిగులుతుందని కొండ మీద గేరు తీసేసి, బండిని న్యూట్రల్‌లో కిందకి దొర్లించేవారట. పరిశోధకుల కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పురాతన వాహనములు ఘాట్ మార్గమున న్యూట్రల్‌లో మాత్రమే అవరోహించవలెను. గేరు వేయుట వారసత్వ భంగము.

అప్పటిదాకా ఫల్గుణరావు చిన్న గేరులో ఇంజను బిగువు మీద, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగుతున్నాడు. ఆ అరచెయ్యి కూడా పోయింది. పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం మానేశాడు. షెడ్డుకు తాళం పడింది.

సరిగ్గా అప్పుడే పరాంకుశరావుకు గుళ్ళో రథం కనిపించింది.

వరదగిరి రథానికి బ్రేకులుండవు. ఏటా ఉత్సవంలో వందలాది మంది తాడు పట్టి లాగుతారు. ఆపవలసినప్పుడు దిమ్మలవాళ్ళు ముందుకొచ్చి, చక్రాల కింద పెద్ద చెక్క దిమ్మలు వేస్తారు. రథం ఆగుతుంది. ఆ హక్కు తరతరాలుగా కోన వారిది. ఇప్పుడు వాళ్ళ పెద్ద కోన దాలినాయుడు. మీసాలు పెద్దవి, మాట అంతకన్నా పెద్దది.

ఒక వారసత్వం చేత మరొక వారసత్వాన్ని ఆపించడమన్న ఆలోచనకు పరాంకుశరావుకే ఒళ్ళు జలదరించింది. దాలినాయుణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడు.

"ఆపుతాం," అన్నాడు దాలినాయుడు. "అదెంత. దేవుణ్ణే ఆపుతున్నాం. కానీ మాకో మర్యాదుంది బాబూ. ముందు కొబ్బరికాయ కొట్టాల. హారతివ్వాల. జనం గోవిందా అనాల. అప్పుడు దిమ్మ పడతాది. అంతకు ముందు పడదు. మా తాతకీ పడలేదు, నాకూ పడదు."

"కొబ్బరికాయ ఎవరు కొట్టవలెను?"

"పెద్ద చెయ్యి అవ్వాల. గుళ్ళో అయితే ఈవోగారు కొడతారు."

గెజిటెడ్ హోదా కలిగిన అధికారి కొట్టాలని నిర్ణయమైంది. ఆ హోదా ఉండి, చేతిలో పని లేనివాడు త్రినాథ్ ఒక్కడే. కోన వారికి పట్టు తలపాగాలు, కొత్త పంచెలు, ఒక్కొక్కరికి గుర్తింపు కార్డు ఇచ్చారు. కార్డులో హోదా: అవరోధ సహాయకుడు, చెక్క విభాగం.

ఊరేగింపు వీధిలో పరీక్ష పెట్టారు. దాలినాయుడు ఒక షరతు పెట్టాడు. రథం నడిచినట్టే కారూ నడవాలి. ఫల్గుణరావు ఇంజను ఆపేశాడు. నలభై మంది తాడు కట్టి ఎర్రదున్నను లాగారు. అది చీమ నడకన వచ్చింది. త్రినాథ్ కొబ్బరికాయ కొట్టాడు. హారతి వెలిగింది. జనం గోవిందా అన్నారు. దిమ్మ పడింది. కారు ఆగింది. దాలినాయుడు మీసం దువ్వుకున్నాడు.

పరీక్ష సంపూర్ణ విజయమని త్రినాథ్ నివేదిక రాశాడు. కారు ఎంత వేగంతో వచ్చిందో రాసే గడి ఆ ఫారంలో లేదు.

ఆ నివేదిక చేతిలో పట్టుకుని పరాంకుశరావు రాష్ట్రంలోనే మొదటి వారసత్వ వాహన ర్యాలీ ప్రకటించాడు. వరదగిరి కొండ మీద నుంచి కింద ఊరిదాకా, న్యూట్రల్‌లో. జిల్లాలోని పురాతన వాహనాలన్నీ రావాలి. రాని వాటిని యజమాని విడిచిపెట్టినట్టు భావించి మ్యూజియానికి తరలిస్తారు. జిల్లాలో అలాంటివి రెండే ఉన్నాయని లెక్క తేలింది. ఒకటి ఎర్రదున్న. రెండోది రోడ్ల శాఖ వారి ఆవిరి రోలరు. దాని పొగగొట్టంలో పిచ్చుకలు కాపురముంటున్నందున అటవీ శాఖ కదలనివ్వలేదు.

కాబట్టి ఒక్క కారుతోనే ర్యాలీ. దానికి అగ్రభాగాన తానే కూర్చుంటానని పరాంకుశరావు సభాముఖంగా చెప్పాడు.

ఆ ఉదయం రవణమ్మ షెడ్డుకొచ్చి కారు మూతి మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవలేదు.

"రోజూ తిరిగొత్తారనే వండుతున్నాను," అంది. "ఇయాళ ఎసరు పెట్టలేదు. దిగేక ఫోను చెయ్యండి. అప్పుడు పెడతాను."

ఫల్గుణరావు తలూపాడు. వెళ్ళనని చెప్పడానికి ఆఖరి క్షణం అది. నోరు తెరిచాడు. షెడ్డు బయట మ్యూజియం వారి క్రేను అప్పటికే వచ్చి నిలబడి ఉంది. నోరు మూసుకుని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

పరాంకుశరావు పక్క సీట్లో ఎక్కాడు. మెడలో దండ, చేతిలో మైకు. కారు పైన కట్టిన లౌడ్‌స్పీకరు నుంచి ఆయన ప్రసంగం కొండంతా వినబడేలా ఏర్పాటు చేశారు. ప్రతి మలుపులోనూ దాలినాయుడి మనుషులు తలపాగాలతో, దిమ్మలతో సిద్ధంగా ఉన్నారు. దాలినాయుడు స్వయంగా నాలుగో మలుపు తీసుకున్నాడు. కొబ్బరికాయల బుట్టతో త్రినాథ్ వెనక జీపులో ఉన్నాడు. పురాతన వాహనానికి మర్యాదగా జీపు బాగా దూరం పాటించాలని ఉత్తర్వు. పాటించాడు.

ఫల్గుణరావు గేరు తీసేశాడు. ఎర్రదున్న కదిలింది.

మొదటి మలుపు బ్రేకు మీద తిరిగింది. రెండో మలుపులో మాడు వాసన మొదలైంది. ఎరుకమ్మ కొట్టు ఉండే చోట ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. కారు ఆ గాలిలోంచి ఈలవేస్తూ పోయింది. వెనక చక్రాల దగ్గర లక్క కరిగి ఎర్రటి చారలుగా రోడ్డు మీద పడుతోంది. లౌడ్‌స్పీకరులో పరాంకుశరావు గొంతు కొండంతా మోగుతోంది.

మూడో మలుపు దాటాక పెడల్ ఫల్గుణరావు కాలి కింద దూదిలా దిగిపోయింది.

అక్కడినుంచి జరిగిన సంభాషణ మైకులోనే జరిగింది. కింద ఊళ్ళో సంత చేస్తున్నవాళ్ళు బేరాలు ఆపి విన్నారు.

"సోదర సోదరీమణులారా, ఈ వాహనము యొక్క ఠీవిని గమనించండి. ఫల్గుణరావు గారూ, ఠీవి కొంచెం తగ్గించండి."

"బ్రేకు అందటం లేదండి."

"అనగా?"

"ఆగదండి."

"ఎందుకు ఆగదు?"

"దాని స్వభావం గదండీ," అన్నాడు ఫల్గుణరావు. అది వెటకారం కాదు. ఆ భయంలో ఆయన దగ్గర నేర్చుకున్న మాట తప్ప మరొకటి నోటికి రాలేదు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. అది కూడా ఆ కాలిపోయిన డ్రమ్ములనే పట్టుకుంటుంది, పట్టుకోలేదు. గేరులో వెయ్యబోతే ఆ వేగానికి గరగరమని అరిచి పడలేదు.

నాలుగో మలుపు కనిపించింది. దాలినాయుడు దిమ్మ ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దాలినాయుడు గారూ, వెయ్యండి," అంది కొండంతా.

దాలినాయుడు కొబ్బరికాయ కోసం రోడ్డు వెనక్కి చూశాడు. జీపు ఇంకా రెండు మలుపుల పైన ఉంది. తరాల మర్యాద ఒక పక్క, పట్టు తలపాగా ఇచ్చిన సారు ఒక పక్క. ఆ మీమాంస తీరేలోగా ఎర్రదున్న అతని ముందునుంచి వెళ్ళిపోయింది. దిమ్మ కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పక్కనున్నవాళ్ళు గోవిందా అన్నారు.

"కొట్టాము అనుకోండి," అని లౌడ్‌స్పీకరు దూరమవుతూ ప్రాధేయపడింది. "కాయ కొట్టాము అనుకోండి."

చివరి మలుపు దగ్గర రోడ్డు మీద కంకర కుప్ప ఉంది. దాన్ని తీసెయ్యమని పరాంకుశరావు రోడ్ల శాఖకు ఎన్నోసార్లు రాశాడు. కుప్ప రోడ్డు మీద లేదు, రోడ్డే కుప్ప కింద ఉంది, కావున బాధ్యత మాది కాదని వాళ్ళు జవాబిస్తూ వచ్చారు. ఇరవై అడుగుల వెడల్పున, సర్కారు జాప్యమంత దిట్టంగా, ఆ కుప్ప అక్కడే ఉంది. ఫల్గుణరావు స్టీరింగు దానివైపు తిప్పాడు. ఎర్రదున్న కంకరలోకి దూసుకుపోయి, సగం ఎక్కి, మూతి ఆకాశం వైపు పెట్టి ఆగింది.

తరవాత లౌడ్‌స్పీకరులో ఫల్గుణరావు గొంతు వినబడింది. అతను ఫోను తీశాడు గానీ మైకు ఆపలేదు.

"ఎసరు పెట్టు," అన్నాడు.

విచారణకు రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఆయనకు సంగతి వెంటనే అర్థమైంది. రూలు తప్పు. కానీ రూలు ఎత్తేస్తే, అది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకుంటే ఎవరు చేశారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న పైకి ఎక్కుతూ పోతే ఆ పెద్ద అధికారి సంతకం దాకా వస్తుంది. కాబట్టి రూలు ఉండాలి, ప్రమాదం ఉండకూడదు.

మెడకు పట్టీ కట్టుకుని వచ్చిన పరాంకుశరావే దారి చూపించాడు. వారసత్వమన్నది ఆగే దూరమే గానీ ఆపే పరికరం కాదన్నాడు. డిస్కులు బిగించుకోవచ్చు. అయితే డ్రైవరు బ్రేకును ఆలస్యంగా తొక్కవలెను. డ్రమ్ములతో బండి ఎక్కడ ఆగేదో, డిస్కులతోనూ సరిగ్గా అక్కడే ఆగేటట్లు, మధ్యలో కాలును అదుపులో ఉంచుకొనవలెను. ఆ కాలయాపన పేరు వారసత్వ విలంబము.

పెద్ద అధికారి ముఖం విప్పారింది. ఫల్గుణరావుకి చెమట పట్టింది. డిస్కులు తిరిగొస్తున్నాయి గానీ, మలుపు ఎదురుగా కనబడుతుంటే కాలు ఎత్తి కూర్చోవాలి. చావు పాత దారిలోనే వస్తోంది.

అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న రవణమ్మ లేచింది.

"నాకు తెలీక అడుగుతున్నాను బాబూ. ఈయనకి చదువు తక్కువ. ఇప్పుడు తొక్కాల, అప్పుడు తొక్కాల అని లెక్క కట్టలేడు. తప్పు తొక్కితే మళ్ళీ నేరం రాసెత్తారు. తొక్కు అని చెప్పే సారొకరు బండిలో పక్కన కూకోవాల కదండీ. ఆఫీసులో కూకుని ఎలగ చెబుతారు?"

పెద్ద అధికారి కలం ఆగింది. అది నిజంగానే ఉత్తర్వులో లోటు. పర్యవేక్షణ లేకుండా విలంబం ఎలా? అక్కడికక్కడే కొత్త పోస్టు సృష్టించాడు. విలంబ పర్యవేక్షణాధికారి. ఎర్రదున్న కొండ దిగిన ప్రతిసారీ ముందు సీట్లో కూర్చుని, ఎప్పుడు తొక్కాలో ఆదేశించాలి. ఆదేశం లేకుండా తొక్కరాదు. ఇందుకు తగిన పాండిత్యం గల అధికారి రాష్ట్రం మొత్తం మీద ఒక్కరే ఉన్నారని సభ ఏకగ్రీవంగా గుర్తించింది. పరాంకుశరావు మెడ పట్టీ వల్ల తల అడ్డంగా ఊపలేకపోయాడు.

బీరువా తాళం తీశారు. మదీనా సాహెబు డిస్కులు తుడిచి బిగించాడు. వచ్చే ముహూర్తానికే మొదటి పెళ్ళి కుదిరింది. వెనక సీట్లో కొత్త జంట, డిక్కీలో సారె, ముందు సీట్లో పరాంకుశరావు. మలుపు ఇంకా కనుచూపు మేరలో లేదు.

"తొక్కు," అన్నాడు పరాంకుశరావు.

"ఇంకా చాలా దూరముందండి. విలంబం..."

"నేను అధికారిని. ఆదేశించుచున్నాను. తొక్కవయ్యా బాబూ."

ఫల్గుణరావు ఆదేశాన్ని పాటించాడు. ఎర్రదున్న బుద్ధిగా నెమ్మదించింది. ప్రతి మలుపుకూ అంతే. ఆ పెళ్ళిళ్ళ కాలమంతా ఎర్రదున్న వరదగిరి ఘాట్‌ను గుడికి వెళ్ళే ముసలమ్మంత జాగ్రత్తగా దిగింది. ఎరుకమ్మ రెండో మలుపులో కొట్టు మళ్ళీ పెట్టింది. నెల తిరిగేసరికి పరాంకుశరావు తప్పకుండా నివేదిక పంపేవాడు: వారసత్వ విలంబము అన్ని మలుపులయందునూ సంపూర్ణముగా పాటించబడినది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఆగాయి. ఎర్రదున్నను సర్వీసుకు విప్పినప్పుడు మదీనా సాహెబు ముందు సీటు కింద ఒక వింత చూశాడు. డ్రైవరు వైపు కార్పెట్టు బాగానే ఉంది. పక్క సీటు వైపు, పెడల్ గానీ మరొకటి గానీ ఏమీ లేని చోట, కాలితో తొక్కి తొక్కి కార్పెట్టు చిరిగి ఇనుము కనబడుతోంది. కొత్త ముక్క వేసి కుట్టించమంటారా అని, అప్పుడే షెడ్డుకొచ్చిన పరాంకుశరావునే అడిగాడు.

పరాంకుశరావు షెడ్డు బయటికి ఒకసారి తొంగి చూశాడు. త్రినాథ్ ఆ దరిదాపుల్లో లేడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"కార్పెట్టు వద్దు. అక్కడ నాకో పెడల్ పెట్టు."

మదీనా తెల్లబోయాడు. బండిలో మార్పు చెయ్యడానికి పర్మిషను ఉండాలి గదండీ అన్నాడు. పరాంకుశరావు ఆ మాట విననట్టే నిలబడ్డాడు. మదీనా ఇక చేసేది లేక అడిగాడు.

"సరే సార్. ముందు బ్రేకులకి తగిలించమంటారా, వెనక బ్రేకులకా?"

"దేనికీ తగిలించనక్కరలేదయ్యా," అన్నాడు పరాంకుశరావు. "కాలి కింద ఉంటే చాలు."